పెద్ద కంపెనీల్లో ఇన్నోవేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు చాలావరకు హైదరాబాద్, బెంగళూరు, విశాఖల్లోని పెద్ద సంస్థల్లో పనిచేసే ఇంజనీర్లు, టీమ్ లీడ్‌లు, మేనేజర్ల నుంచి వచ్చేవి. కొన్ని యాజమాన్యం వైపు నుంచి వచ్చేవి. జవాబులన్నిటి వెనకా ఉన్న నా అభిప్రాయం ముందే చెబుతాను. పెద్ద కంపెనీలో ఐడియాలకు కరువు లేదు. ఆ ఐడియాను అందుకుని, తన బడ్జెట్‌లో, తన టార్గెట్లలో దానికి చోటిచ్చే మనిషి దొరకడమే కష్టం. కంపెనీలు మాత్రం ఐడియాలు పుట్టించడానికే ఎక్కువ ఖర్చు పెడుతున్నాయి.

ఇన్నోవేషన్ అంటే కొత్త ప్రాడక్ట్ కనిపెట్టడమేనా?

కాదు. తయారీలో ఒక దశ తీసేయడం, పాత సరుకును కొత్త పద్ధతిలో అమ్మడం, ఉన్న వనరులతోనే కొత్త సేవ మొదలుపెట్టడం, ఇవన్నీ ఇన్నోవేషనే. తెలంగాణ ఆర్టీసీ 2020లో కార్గో, పార్సిల్ సేవలు మొదలుపెట్టింది. బస్సులు, రూట్లు, డిపోలు, ఊరూరా బస్టాండ్లు అప్పటికే ఉన్నాయి. ఆ తర్వాత భద్రాచలం సీతారాముల కల్యాణ తలంబ్రాలను, మేడారం ప్రసాదాన్ని భక్తుల ఇళ్లకు చేర్చే పని కూడా పెట్టుకుంది. కొత్త యంత్రం ఏదీ కనిపెట్టలేదు. అయినా కొండగట్టు దగ్గరో, మణుగూరు దగ్గరో ఉండే కుటుంబానికి అది నిన్నటిదాకా లేని సౌకర్యం. ప్రభుత్వ సంస్థల్లో కొత్తదనం కుదరదనే వాళ్లకు నేను ముందు చూపించేది దీన్నే.

డబ్బు, మనుషులు, కస్టమర్లు అన్నీ ఉన్నా పెద్ద కంపెనీలు ఎందుకు వెనకబడతాయి?

కొడాక్ కథ అందరూ చెబుతారు, కానీ సగమే చెబుతారు. 1975 డిసెంబరులో కొడాక్‌లో పనిచేసే యువ ఇంజనీర్ స్టీవెన్ సాసన్ ఒక డిజిటల్ కెమెరా తయారు చేశారు. బరువు 3.6 కిలోలు. లెన్సు సూపర్ 8 మూవీ కెమెరా విడిభాగాల్లోంచి తీసుకున్నది. ఫొటోలో మొత్తం 10,000 పిక్సెళ్లు, అదీ నలుపు తెలుపులో. తీసిన ఫొటో క్యాసెట్ టేపు మీదకు ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. చూడాలంటే ఆ టేపును ఇంకో పరికరంలో పెట్టి టీవీకి కలపాలి. ఈరోజు దాదాపు ప్రతి ఫోన్ కెమెరా సెన్సర్ మీదా ఉండే రంగుల ఫిల్టర్ అమరిక కూడా కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్‌దే. దానికి 1976లో పేటెంట్ వచ్చింది. అంటే తెలివికి లోటు లేదు, ముందుచూపుకూ లోటు లేదు.

అయితే కొడాక్‌కు లాభాలు వచ్చేది కెమెరాల మీద కాదు. ఫిల్మ్ మీద, దాన్ని కడిగే రసాయనాల మీద, ప్రింటు వేసే కాగితం మీద. ఏ డివిజన్ హెడ్‌ని చూసినా ఏడాది టార్గెట్, బోనస్, ప్రమోషన్ అన్నీ ఫిల్మ్‌తోనే ముడిపడి ఉన్నాయి. ఫిల్మ్ అక్కర్లేని కెమెరాను నెత్తికెత్తుకోవడానికి వాళ్లలో ఒక్కరికీ కారణం కనిపించలేదు. వాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. ఎవరి కుర్చీలోంచి చూస్తే వాళ్ల లెక్క సరైనదే. ఆ లెక్కలన్నీ కలిపి చూసి కంపెనీ తరఫున నిర్ణయం తీసుకోవాల్సిన మనిషి లేకపోవడమే అసలు సమస్య.

జనం మరిచిపోయే రెండో సగం ఇది. కొడాక్ తర్వాత డిజిటల్ కెమెరాలు అమ్మింది, 2005లో అమెరికాలో అమ్మకాల్లో ముందు వరసలోనే ఉంది. కానీ ఫిల్మ్ మీద వచ్చినంత లాభం కెమెరా పెట్టె మీద రాదు. అప్పటికి ఫిల్మ్ అమ్మకాలు ఏటికేడాది పడిపోతున్నాయి. 2012 జనవరిలో కంపెనీ దివాలా రక్షణ కోరింది. టెక్నాలజీ చేతికొచ్చినంత మాత్రాన సరిపోదని, దాని మీద డబ్బు వచ్చే దారిని కూడా కొత్తగా కట్టుకోవాలని నేను కొడాక్ నుంచి తీసుకునే పాఠం.

అదే వ్యాపారంలో ఉన్న ఫూజీఫిల్మ్ ఎలా బతికింది?

ఫూజీకి కూడా అదే దెబ్బ తగిలింది. షిగెటకా కొమోరి నాయకత్వంలో వాళ్లు ముందుగా తమ చేతిలో ఏయే విద్యలున్నాయో లెక్క తీశారు. ఫిల్మ్ అమ్ముతాం అని కాకుండా పల్చటి పొరల మీద రసాయనాలను కచ్చితంగా పూయగలం, కొల్లాజెన్ (ఫిల్మ్‌లో వాడే జెలటిన్‌కు మూలమైన ప్రొటీన్) గురించి మాకు బాగా తెలుసు, ఫొటోలో రంగు వెలిసిపోకుండా కాపాడగలం అని రాసుకున్నారు. ఎల్‌సీడీ తెరల్లో వాడే రక్షణ ఫిల్మ్ మీద భారీగా పెట్టుబడి పెట్టారు. కొల్లాజెన్, యాంటీఆక్సిడెంట్ల మీద ఉన్న పట్టుతో 2007లో అస్టాలిఫ్ట్ పేరుతో చర్మానికి రాసుకునే క్రీములు తెచ్చారు. 2008లో టొయామా కెమికల్ అనే మందుల కంపెనీని కొన్నారు. ఇదంతా నొప్పి లేకుండా జరగలేదు. ఫొటో విభాగంలో వేలమంది ఉద్యోగాలు పోయాయి. కానీ కంపెనీ నిలబడింది.

మీ సంస్థలో ఈ కసరత్తు చేయాలనుకుంటే ప్రాడక్టుల పేర్లు పక్కన పెట్టి, మన వాళ్లకు ఏ పని బాగా వచ్చో క్రియల్లో రాయండి. మొదటిసారి రాసినప్పుడు చాలామందికి నాలుగు వాక్యాలు కూడా రావు.

మంచి రీసెర్చ్ ల్యాబ్ పెట్టి, మంచి బుర్రలను తెచ్చుకుంటే సరిపోదా?

సరిపోదు. జిరాక్స్ కంపెనీ 1970లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పార్క్ అనే ల్యాబ్ పెట్టింది. 1973కల్లా అక్కడ ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. మౌస్, కిటికీల్లా తెరుచుకునే తెర, పక్క కంప్యూటర్లతో నెట్‌వర్క్ అన్నీ దానికి వచ్చాయి. 1979లో స్టీవ్ జాబ్స్ ఆ ల్యాబ్‌కు వెళ్లి చూశారు. 1984లో వచ్చిన ఆపిల్ మెకింటోష్ కంప్యూటర్ మీద ఆ ప్రభావం ఎంతో అందరికీ తెలిసిందే. జిరాక్స్ సొంతంగా 1981లో తెచ్చిన స్టార్ కంప్యూటర్ ఖరీదు 16,000 డాలర్లు దాటింది. అది మార్కెట్లో నిలబడలేదు.

కథ ఇక్కడితో ఆపేస్తే ల్యాబులు దండగ అనిపిస్తుంది. కానీ అదే ల్యాబులో లేజర్ ప్రింటర్ కూడా రూపుదిద్దుకుంది. గ్యారీ స్టార్క్‌వెదర్ మొదట న్యూయార్క్ రాష్ట్రంలోని జిరాక్స్ ల్యాబులో ఆ ఆలోచన పెట్టారు. అక్కడి పైఅధికారికి నచ్చలేదు. 1971లో పార్క్‌కు మారి పని సాగించారు. 1977లో జిరాక్స్ 9700 పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. సెకనుకు రెండు పేజీలు వేసేది. కంపెనీకి వందల కోట్ల డాలర్ల వ్యాపారం తెచ్చిపెట్టింది.

ఒకే ల్యాబు, ఒకే దశాబ్దం. ఒకటి పక్కవాళ్లకు పనికొచ్చింది, ఇంకోటి సొంత ఇంటికి కాసులు కురిపించింది. తేడా అందుకున్న చేతుల్లో ఉంది. జిరాక్స్ అమ్మకాల వాళ్లకు పేజీల లెక్కన డబ్బు వసూలు చేయడం కొట్టినపిండి. లేజర్ ప్రింటర్ ఆ లెక్కలో చక్కగా ఇమిడింది. ఆల్టోను ఎవరికి, ఎంతకు, ఎలా అమ్మాలో వాళ్లలో ఎవరికీ తెలియదు. అందుకే ల్యాబు పెట్టే ముందే, ఇక్కడ తయారైనదాన్ని ఏ బిజినెస్ యూనిట్ తీసుకుంటుందో, ఆ యూనిట్ హెడ్ టార్గెట్లలో దాని వాటా ఎంతో కాగితం మీద పెట్టమని అడుగుతాను.

ఉద్యోగులకు సొంత ప్రాజెక్టులకు సమయం ఇస్తే పనిచేస్తుందా?

సమయం నిజంగా ఇస్తే పనిచేస్తుంది. త్రీఎం కంపెనీలో 15 శాతం సమయం సొంత ఆలోచనల మీద పెట్టుకునే పద్ధతి 1948 నుంచి ఉంది. పోస్ట్ఇట్ చీటీలు దాని ఫలమే అంటారు. నిజమే, కానీ సమయం ఒక్కటే ఆ పని చేయలేదు. 1968లో స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు చేయబోతే తేలిగ్గా ఊడొచ్చే జిగురు తయారైంది. దానితో ఏం చేయాలో తెలియక ఏళ్ల తరబడి కంపెనీలో అందరికీ చెబుతూ తిరిగారు. 1974లో ఆర్ట్ ఫ్రై అనే సహోద్యోగి, చర్చిలో పాటల పుస్తకంలో పెట్టుకున్న చీటీలు జారిపోతుంటే ఆ జిగురు గుర్తుకు తెచ్చుకున్నారు. 1977లో నాలుగు నగరాల్లో వేరే పేరుతో అమ్మి చూస్తే ఎవరూ పెద్దగా కొనలేదు. మరుసటి ఏడాది ఐడహో రాష్ట్రంలోని బోయిసీ నగరంలో ఆఫీసులకు ఉచితంగా పంచితే, వాడినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది కొంటామన్నారు. అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో.

లెక్క చూసుకోండి, జిగురు నుంచి దుకాణం దాకా 12 ఏళ్లు. ఆ 12 ఏళ్లలో సిల్వర్‌ను ఎవరూ నోరు మూయించలేదు. ఒక విభాగం మనిషి చెప్పింది ఇంకో విభాగం మనిషి చెవిన పడే వీలుంది. మొదటి మార్కెట్ టెస్ట్ ఫెయిలయ్యాక రెండోదానికి డబ్బిచ్చారు. శుక్రవారం సాయంత్రం సొంత ప్రాజెక్టులకు అని క్యాలెండర్‌లో బ్లాక్ చేసి, అదే సాయంత్రం క్లయింట్ కాల్ పెట్టే ఆఫీసుల్లో ఇలాంటివి ఆశించకూడదు.

కొత్త పనికి వేరే టీమ్ పెట్టి దూరంగా కూర్చోబెట్టాలా?

మొదట్లో అవును. 1943లో లాక్‌హీడ్ కంపెనీలో కెల్లీ జాన్సన్ చిన్న బృందంతో, అద్దెకు తెచ్చిన సర్కస్ గుడారం కింద, ఎక్స్‌పీ80 జెట్ విమానాన్ని 143 రోజుల్లో తయారు చేశారు. ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ కూడా అలాగే వచ్చింది. హెడ్డాఫీసుకు దూరంగా ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ బృందం సుమారు ఏడాదిలో దాన్ని తయారు చేసి 1981 ఆగస్టులో బయటపెట్టింది. అన్నీ ఇంట్లోనే చేసుకునే ఐబీఎం ఆనవాయితీని పక్కన పెట్టి ఇంటెల్ చిప్, మైక్రోసాఫ్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ బయటి నుంచి తెచ్చుకున్నారు. మామూలు దారిలో వెళ్తే ఒక్క ఆ అనుమతికే ఏడాది పట్టేది.

దూరంగా పెట్టిన టీమ్‌ను తిరిగి ఎప్పుడు, ఎలా కలపాలో ముందే అనుకోకపోతే మాత్రం చిక్కు. తొందరగా కలిపేస్తే పాత రూల్స్ మింగేస్తాయి. అసలు కలపకపోతే మిగతా ఉద్యోగులు వాళ్లను పరాయివాళ్లలా చూస్తారు. కొత్త టీమ్‌కు గ్లాస్ క్యాబిన్లు, బీన్ బ్యాగులు, వేరే జీతాలు ఇచ్చి, కంపెనీకి రోజూ డబ్బు సంపాదించి పెట్టే ప్లాంటువాళ్లకు పాత క్యాంటీనే ఉంచితే, ఆ టీమ్ ఏం తెచ్చినా ప్లాంటు మనస్ఫూర్తిగా తీసుకోదు. ఇది నేను చాలా చోట్ల చూశాను. ప్లాంటు నుంచి ఇద్దరు అనుభవజ్ఞులను మొదటి రోజు నుంచే ఆ టీమ్‌లో కూర్చోబెట్టడం ఒక్కటే నాకు పనిచేసేలా కనిపించిన మార్గం.

హ్యాకథాన్లు, ఐడియా పోర్టళ్లు దండగేనా?

హ్యాకథాన్ అంటే టీమ్‌లు కూర్చుని కొద్ది రోజుల్లో కొత్త ఐడియాను చేసి చూపించే పోటీ, ఐడియా పోర్టల్ అంటే ఉద్యోగులు సలహాలు రాసే వెబ్‌సైట్. దండగా కాదా అన్నది తర్వాత ఏం జరుగుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌లో సత్య నాదెళ్ల సీఈఓ అయిన 2014లోనే కంపెనీ మొత్తానికి హ్యాకథాన్ మొదలైంది. చేతులు సరిగ్గా కదపలేనివాళ్లు వీడియో గేములు ఆడుకునేలా 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ మూలాలు ఆ హ్యాకథాన్లలోనే ఉన్నాయి. 2015 హ్యాకథాన్‌కూ 2018 విడుదలకూ మధ్య మూడేళ్లు ఎక్స్‌బాక్స్ విభాగం దాన్ని తన ప్రాడక్టుగా మోసింది. మన దగ్గర చాలా హ్యాకథాన్లు బహుమతి చెక్కుతో ఫొటో దిగడంతో ముగుస్తాయి. గెలిచిన టీమ్ సోమవారం తిరిగి పాత టికెట్లు (రోజువారీ ఫిర్యాదులు) మూసుకుంటూ కూర్చుంటుంది.

పోర్టల్ విషయంలో టయోటాను చూడండి. 1951లో మొదలైన సలహాల పద్ధతి అక్కడ దశాబ్దాలుగా నడుస్తోంది. చాలా సలహాలు చిన్నవి, పని చేసే చోటే అమలయ్యేవి. పోర్టల్ పెట్టాలనుకుంటే ఒక్క నియమం పెట్టండి: ప్రతి సలహాకూ రెండు వారాల్లో పేరున్న మనిషి నుంచి జవాబు రావాలి. 'కుదరదు' అన్నా పర్వాలేదు, ఎందుకు కుదరదో చెప్పాలి. 'పరిశీలనలో ఉంది' అని ఏడాది వేలాడే సలహా, రాసినవాడితో పాటు వాడి పక్క డెస్కు మనిషిని కూడా మళ్లీ రాయనివ్వదు.

నా దగ్గర మంచి ఐడియా ఉంది, మా మేనేజర్ ఒప్పుకోవట్లేదు. ఏం చేయాలి?

ముందు ఆయన ఏ టార్గెట్ మీద నలుగుతున్నారో కనుక్కోండి. చాలామంది మేనేజర్లు ఐడియా నచ్చక కాదు, ఈ క్వార్టర్ లెక్కలు తప్పుతాయేమోనన్న టెన్షన్‌తో వద్దంటారు.

తర్వాత మీరు చెప్పే తీరు మార్చండి. 'ఏఐతో బిల్లులు చదివే టూల్ చేశాం సార్' అంటే ఎవరూ కదలరు. 'నెలాఖరు మూడు రోజులూ పేమెంట్ల టీమ్ రాత్రి పదింటిదాకా కూర్చుంటోంది మేడం. పోయిన నెల ఆగిపోయిన బిల్లులన్నీ ముందేసుకుని చూశాం. ఎక్కువ భాగం పర్చేజ్ ఆర్డర్ నంబరు సరిపోలక ఆగినవే. ఈ ఒక్కదాన్ని ముందే పట్టుకునే చిన్న ఏర్పాటు చేశాం, వచ్చే నెలాఖరు మీ ఇద్దరు మనుషులతో వాడి చూస్తారా?' అని ఆ టీమ్ హెడ్‌ని అడిగితే మాట వేరుగా ఉంటుంది. ఇందులో సమస్య ఆవిడది, ఆధారాలు ఆవిడ బిల్లులే, అడిగింది ఒక్క నెల, ఇద్దరు మనుషులు. ఆవిడ సరేనంటే మీ మేనేజర్ దగ్గరకు మీరు ఐడియాతో వెళ్లరు, కస్టమర్‌తో వెళతారు.

పైఅధికారిని దాటి ఆయన బాసు దగ్గరకు వెళ్లొచ్చా అని కూడా అడుగుతుంటారు. నేనైతే చెప్పకుండా వెళ్లొద్దంటాను. 'సార్, ఇది ఫలానా వాళ్లకు కూడా చూపిస్తాను' అని ముందే ఒక మాట చెప్పి వెళ్లండి. మన ఆఫీసుల్లో ఆ ఒక్క మాట చాలా పనులు కాపాడుతుంది.

ఫైనాన్స్ వాళ్లు మొదటి రోజే లాభం ఎంతొస్తుందని అడుగుతారు. ఏం చెప్పాలి?

తెలియని అంకె చెప్పకండి. ఎక్సెల్‌లో ఐదేళ్ల లాభం వేసి చూపిస్తే, ఆ అంకె మిమ్మల్ని ఐదేళ్లు వెంటాడుతుంది. డబ్బు విడతలుగా అడగండి. మొదటి విడత చిన్నది: కస్టమర్‌కు నిజంగా ఈ బాధ ఉందా అని తేల్చుకోవడానికి. రెండోది: మన పరిష్కారం వాళ్లు వాడతారా అని తేల్చుకోవడానికి. మూడోది: డబ్బిచ్చి కొంటారా అని. ప్రతి విడతకూ ఏ ఫలితం వస్తే ముందుకు వెళ్తామో, ఏది వస్తే ఆపేస్తామో ముందే రాసివ్వండి. ఫైనాన్స్ వాళ్లకు రిస్క్ అంటే భయం కాదు, ఎంతవరకు పోతుందో తెలియకపోవడం అంటే భయం.

ప్రయత్నం ఫెయిలైతే అప్రైజల్ దెబ్బతింటుంది కదా?

తింటుంది, అదే అసలు జబ్బు. మైక్రోసాఫ్ట్‌లో ప్రతి టీమ్‌లోనూ కొందరికి తప్పనిసరిగా తక్కువ రేటింగ్ ఇచ్చే పద్ధతి ఏళ్లపాటు నడిచింది. పక్కవాడికి సాయం చేస్తే మన రేటింగ్ తగ్గుతుందన్న లెక్క మొదలైతే కొత్త పని ఎవరు చేస్తారు? 2013 నవంబరులో ఆ పద్ధతిని తీసేశారు. టాటా గ్రూపులో ఇన్నోవిస్టా పోటీల్లో 'డేర్ టు ట్రై' అని విడిగా ఒక విభాగం ఉంది. గట్టిగా ప్రయత్నించి అనుకున్న ఫలితం రాని పనులకు అక్కడ గుర్తింపు ఇస్తారు.

అవార్డు మంచిదే. దానికంటే ముఖ్యం, ప్రాజెక్టు ఆగిపోయిన మనిషికి తర్వాత ఏ పని ఇచ్చారన్నది. అతన్ని మంచి టీమ్‌లోకి తీసుకుంటే ఆఫీసు మొత్తం చూస్తుంది. పని ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెడితే అదీ చూస్తుంది.

మేం హైదరాబాద్ జీసీసీలో (విదేశీ కంపెనీ ఇక్కడ పెట్టుకున్న సొంత సెంటర్‌లో) పనిచేస్తాం. నిర్ణయాలన్నీ అమెరికాలో జరుగుతాయి. మా చేతిలో ఏముంటుంది?

మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది. బెంగళూరులో జీఈ హెల్త్‌కేర్ ఇంజనీర్లు చేసిన మ్యాక్ 400 ఈసీజీ మిషన్ నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ. పెద్ద ఆసుపత్రుల్లో వాడే ఈసీజీ మిషన్ ఖరీదైనది, బరువైనది, కరెంటు మీదే ఆధారపడేది. మన ఊళ్లలోని డాక్టరుకు అది అందదు. బెంగళూరు బృందం బోలెడన్ని బటన్లను నాలుగుకు తగ్గించింది. పెద్ద ప్రింటర్ తీసేసి, చేతిలో పట్టుకుని బస్సు టికెట్లు కొట్టే మిషన్లలో ఉండే లాంటి చిన్న ప్రింటర్ పెట్టింది. బ్యాటరీతో నడుస్తుంది, భుజాన వేసుకునే బ్యాగులో పడుతుంది. ఒక పరీక్ష ఖర్చు సుమారు ఒక డాలరుకు దిగింది. ఆ వరసలోనే వచ్చిన మ్యాక్ 800 తర్వాత అమెరికాలోనూ అమ్మకానికి వెళ్లింది.

అమెరికా వాళ్లు గీసిన బొమ్మను చౌకగా చేసిపెట్టమంటే ఇది పుట్టేది కాదు. ఇక్కడి డాక్టరు గదిలో కరెంటు పోవడాన్ని చూసిన మనుషులు, ఆ సమస్యను తమదిగా తీసుకోవడం వల్ల పుట్టింది. మీ సెంటర్‌లో కూడా హెడ్డాఫీసు కంటికి కనపడనిది మీకేం కనపడుతుందో అక్కడ మొదలుపెట్టండి. రెండో మెట్టు, అక్కడ మీ తరఫున మాట్లాడే ఒక ప్రాడక్ట్ ఓనర్. ఏడాదికి రెండుసార్లయినా ఆ మనిషిని ఇక్కడికి రప్పించి, పీపీటీ కాకుండా వాడే మనుషులను చూపించండి.

కొత్త పద్ధతి వల్ల ఆదాయం పోయేవాళ్లు అడ్డుపడతారు. వాళ్లనేం చేయాలి?

వాళ్లకు కొత్త పద్ధతిలో పని చూపించాలి. ఈ విషయంలో ఐటీసీ ఈచౌపాల్‌ను మించిన పాఠం మన దేశంలో నాకు కనపడలేదు. సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసే ఐటీసీ వ్యవసాయ వ్యాపార విభాగం, ఎస్.శివకుమార్ నాయకత్వంలో, 2000లో మధ్యప్రదేశ్ సోయా రైతుల దగ్గర దీన్ని మొదలుపెట్టింది. అంతకుముందు రైతు పంటను బండిమీద వేసుకుని మార్కెట్ యార్డుకు వెళ్లేదాకా ధర తెలిసేది కాదు. వెళ్లాక, నచ్చకపోయినా వెనక్కి మోసుకురాలేక అమ్ముకునేవాడు. ఈచౌపాల్‌లో ఊళ్లోనే నమ్మకస్తుడైన ఒక రైతు ఇంట్లో కంప్యూటర్ పెట్టారు. కరెంటు ఉండదు కాబట్టి సోలార్ పలకలు, ఫోన్ లైన్ నమ్మకం లేదు కాబట్టి శాటిలైట్ కనెక్షన్. ముందే ధర తెలుసుకుని, నచ్చితే ఐటీసీ కేంద్రానికి తెచ్చేవాళ్లు. ఎలక్ట్రానిక్ కాటా, రవాణా ఖర్చు కంపెనీదే.

మరి యార్డులో కమీషన్ ఏజెంట్ల గతి? వాళ్లను శత్రువులుగా చేసుకుంటే ఆ పథకం ఎప్పుడో ఆగిపోయేది. రవాణా, నిల్వ, నగదు చెల్లింపు వాళ్లకు చేతనైన పనులు. ఆ పనులే అప్పజెప్పి 'సంయోజక్' అనే పేరుతో వ్యవస్థలోకి తెచ్చారు. మీ ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వల్ల రీజినల్ మేనేజర్ సంతకం అవసరం లేకుండా పోతుంటే, ఆ మేనేజర్‌కు ఇకపై ఏ విలువైన పని ఉంటుందో సాఫ్ట్‌వేర్ డిజైన్‌లోనే ఉండాలి. ఈ పని హెచ్‌ఆర్‌కు వదిలేయకండి.

కొత్త ప్రాడక్ట్ మన పాత ప్రాడక్టునే దెబ్బతీస్తే?

ఎవరో ఒకరు దెబ్బతీస్తారు, అది మనమే అయితే కస్టమర్ మన దగ్గరే ఉంటాడు. పాటలు వినే ఐపాడ్ మినీ జోరుగా అమ్ముడవుతుండగానే 2005లో ఆపిల్ దాన్ని ఆపేసి నానో తెచ్చింది. రెండేళ్లకు ఐఫోన్ తెచ్చి అసలు ఐపాడ్ అవసరాన్నే తగ్గించింది. అమ్మకాల టీమ్‌కు పాత ప్రాడక్ట్ మీద కమీషన్ ఎక్కువ, కొత్తదాని మీద తక్కువ ఉంచితే మాత్రం ఏ వ్యూహమూ నడవదు.

ఎంతకాలం ఓపిక పట్టాలి? ఎప్పుడు ఆపేయాలి?

ఇది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. టైటాన్ 1990ల మధ్యలో తనిష్క్ మొదలుపెట్టినప్పుడు 18 క్యారెట్ల, విదేశీ తీరు నగలతో వచ్చింది. మన ఇళ్లలో బంగారమంటే 22 క్యారెట్లే. ఏళ్లపాటు నష్టాలు వచ్చాయి, మూసేయాలన్న ఒత్తిడి వచ్చింది. వాళ్లు మూసేయలేదు, అలాగని మొదటి పద్ధతినే పట్టుకుని కూర్చోలేదు. 22 క్యారెట్లకు మారారు. షోరూముల్లో క్యారెట్ మీటర్ పెట్టి, ఇంట్లో నగ తెచ్చుకుంటే అందులో బంగారం ఎంతుందో కళ్ల ముందే చూపించారు. తరతరాల కంసాలి నమ్మకం మీద నడిచే వ్యాపారంలో, నెక్లెసు మిషన్‌లో పెట్టి అంకె చూపించడం చిన్న విషయం కాదు. ఈరోజు టైటాన్ ఆదాయంలో పెద్ద వాటా గడియారాలది కాదు, నగలదే.

నెస్లేలో నెస్ప్రెసో కాఫీ క్యాప్సూళ్ల కథా ఇంతే. మొదటి పేటెంట్ 1976, కంపెనీ పెట్టింది 1986, లాభాలు చూసింది 1990ల్లో.

నా కొలమానం ఒకటే. ప్రతి మూడు నెలలకూ టీమ్ కస్టమర్ గురించి కొత్త విషయం నేర్చుకుని, దాని ప్రకారం ఏదో ఒకటి మారుస్తోందా? మారుస్తుంటే డబ్బివ్వండి. అదే పీపీటీ కొత్త తేదీతో వస్తుంటే, అంకెలు బాగున్నా ఆపేయండి.

ఇన్నోవేషన్‌ను ఏ అంకెతో కొలవాలి?

వచ్చిన ఐడియాల సంఖ్యతో మాత్రం వద్దు. త్రీఎం 1990ల్లో, గత నాలుగేళ్లలో వచ్చిన ప్రాడక్టుల నుంచి అమ్మకాల్లో 30 శాతం రావాలని లక్ష్యం పెట్టుకుంది. ఇది గట్టి కొలత, ఎందుకంటే కస్టమర్ డబ్బిచ్చి కొంటేనే అంకె పెరుగుతుంది. అదే కంపెనీలో 2001 తర్వాత, తప్పులను అంకెలతో కొలిచి తగ్గించే సిక్స్ సిగ్మా పద్ధతిని రీసెర్చ్‌లోకి కూడా తెచ్చారు. తయారీలో ఖర్చు తగ్గింది, కానీ కొత్త ప్రాడక్టుల జోరు తగ్గిందని తర్వాతి నాయకత్వమే ల్యాబుల్లో దాన్ని సడలించింది. తప్పులు తగ్గించే కొలతలు ఫ్యాక్టరీకి ప్రాణం. ఇంకా రూపమే రాని ఆలోచనకు అవే కొలతలు పెడితే అది పుట్టదు.

స్టార్టప్‌లతో కలిసి పనిచేస్తే తొందరగా అవుతుందా?

అవుతుంది, వాళ్లకు సమయానికి డబ్బిస్తే. హైదరాబాద్‌లో 2015 నుంచి టీహబ్ ఉంది, స్టార్టప్‌లను పెద్ద కంపెనీలతో కలిపే కార్యక్రమాలు నడుస్తున్నాయి. పరిచయాలకు కొదవ లేదు. పైలట్ (చిన్న ట్రయల్) అయ్యాక వెండర్ రిజిస్ట్రేషన్, మూడేళ్ల బ్యాలెన్స్ షీట్, సెక్యూరిటీ ఆడిట్, 90 రోజుల పేమెంట్ అంటే పదిమంది ఉన్న కంపెనీ అక్కడే ఆగిపోతుంది. చట్టం కూడా చూసుకోండి. ఎంఎస్ఎంఈ చట్టం కింద నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో. పైలట్లకు విడిగా, రెండు పేజీల ఒప్పందం ఒకటి లీగల్ టీమ్‌తో ముందే రాయించుకోండి. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే.

నేను కనిపెట్టినదానికి పేటెంట్ ఎవరిది?

మన దేశ పేటెంట్ చట్టంలో ఉద్యోగుల ఆవిష్కరణల గురించి విడిగా నిబంధన లేదు. మీరు చేరినప్పుడు సంతకం పెట్టిన ఉద్యోగ ఒప్పందమే ప్రధానం. చాలా ఒప్పందాల్లో హక్కు కంపెనీకి వెళ్తుంది. అయినా ఆవిష్కర్తగా మీ పేరు పేటెంట్‌లో నమోదు చేయించుకునే హక్కు మీకుంది, దాన్ని వదులుకోకండి. కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకు ఇక్కడ పేటెంట్ రాదు, దాని వల్ల కలిగే సాంకేతిక ప్రయోజనాన్ని చూపించాలి.

జీసీసీల్లో ఉన్నవాళ్లు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. దరఖాస్తు చేయకముందు కాన్ఫరెన్సులోనో, లింక్డ్‌ఇన్‌లోనో వివరాలు పెట్టొద్దు, కొత్తదనం పోయిందని తిరస్కరించవచ్చు. ఇక భారత్‌లో నివసించే ఆవిష్కర్త నేరుగా అమెరికాలో దరఖాస్తు చేయాలంటే ముందు ఇక్కడి పేటెంట్ కార్యాలయం అనుమతి కావాలి. లేదంటే ఇక్కడ దరఖాస్తు చేసి ఆరు వారాలు ఆగాలి. హెడ్డాఫీసు లాయర్లకు ఈ నిబంధన తెలియకపోవచ్చు, వాళ్లకు పంపే మొదటి మెయిల్‌లోనే రాయండి.